పదో ఊపిరి

తొమ్మిదో ఊపిరి తర్వాత రబ్బరు తిత్తి ఆగలేదు.

కనక కుర్చీ ముందుకి లాక్కుని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. బల్ల మీద కొబ్బరికాయంత తిత్తి, దానికి తగిలించిన వైర్లు, వైర్ల చివర అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన ఊపిరిపెట్టె. తిత్తి పొంగింది, తగ్గింది. ఒకటి. పొంగింది, తగ్గింది. రెండు. తొమ్మిది దాకా బుద్ధిగా వచ్చింది. ఇక్కడ ఆగాలి. నడుస్తున్న మనిషి ఏదో గుర్తొచ్చి నిలబడిపోయినట్టు నాలుగైదు సెకన్లు ఆగి, ఆ తర్వాత పెద్దగా, నిట్టూర్పులాగా పదోది రావాలి. తిత్తికి మాత్రం ఏదీ గుర్తురాలేదు. పదోది కూడా మిగిలిన తొమ్మిదింటిలాగే వచ్చి వెళ్ళిపోయింది.

"బ్రహ్మాండంగా ఆడుతోందక్కా," అన్నాడు పక్క బల్ల దగ్గర తాతారావు. ఆ ల్యాబ్‌లో ఎవరు ఏది తయారుచేసినా దానికి పరీక్ష పెట్టి తప్పులు వెదకడం అతని ఉద్యోగం. తప్పు దొరక్కపోతే అతనికి అన్నం సయించదు. అలాంటివాడు మెచ్చుకుంటే కనక సంతోషించాలి. కానీ ఆమె గుండెల్లో రాయి పడింది.

ఆ ల్యాబ్ విశాఖపట్నంలో, సింహాచలం పోయే రోడ్డు మీద, ఒక టైర్ల దుకాణం పై అంతస్తులో ఉంది. డాక్టర్ ఫిలోమినా గారు పన్నెండేళ్ళు తంటాలుపడి అక్కడే ఊపిరిపెట్టెని తయారుచేశారు. పక్షవాతం మెదడు అడుగుభాగాన్ని కొడితే కొంతమందికి ఒక పాడు కష్టం వస్తుంది. మెలకువగా ఉన్నంతసేపూ మామూలుగానే ఊపిరి తీసుకుంటారు. కన్నంటుకుందా, ఊపిరి తీసుకోవాలన్న సంగతే ఒళ్ళు మరిచిపోతుంది. అలాంటివాళ్ళకి మెడ ఎముక కింద ఈ పెట్టెని అమర్చి, దాని తీగని ఊపిరి ఆడించే నరానికి కలుపుతారు. మనిషి నిద్రపోగానే పెట్టె మేలుకుంటుంది. ఇప్పటికి ఇరవైమూడు మంది దాని పుణ్యాన పడుకుని, పొద్దున్నే లేచి కాఫీ తాగుతున్నారు. వాళ్ళలో ఏడో మనిషి కనక అత్తగారు వరహాలమ్మ.

ఈమధ్యే పెట్టెలో ఒక లోపం బయటపడింది. మనిషి నిద్రలో తీసుకున్న ప్రతి ఊపిరినీ అది మెమరీలో ఒక వరసగా రాసుకుంటుంది: ఎప్పుడు, ఎంత లోతుగా, అప్పుడు నాడి ఎంత కొట్టుకుంది. రాసిన ప్రతిసారీ మొదటి పేజీలో మొత్తం ఎన్నయ్యాయో చెరిపి దిద్దుతుంది. దిద్ది దిద్ది ఆ మొదటి పేజీ పాత పలకలాగ అరిగిపోతోంది. పూర్తిగా అరిగిన రోజున పెట్టె ఆగిపోతుంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టినా లేవదు. వరహాలమ్మ పెట్టెకి ఇంకా పదకొండు రోజులే టైముందని లెక్క తేలింది. అందుకని ఆ రాసే అలవాటు మాన్పించి, కెర్నెల్ కొత్తగా కట్టి, అందరి పెట్టెల్లోకీ ఎక్కించాలి. ఆ కట్టే పని కనకది.

కెర్నెల్ అంటే పెట్టెలోపల ఇల్లు నడిపే పెద్దావిడ అనుకోండి. గడియారం చూసేది ఆవిడే, నరానికి కబురు పంపేది ఆవిడే. ఆవిడని తయారుచేసే ముందు ఒక మెనూ తెరుచుకుంటుంది. అందులో మూడు వేల పైచిలుకు ప్రశ్నలు. ఇది కావాలా, అది కావాలా, ప్రతిదానికీ కావాలంటే వై అనో, వద్దంటే ఎన్ అనో చెప్పాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పెద్దావిడ మరీను, వై అని రాసివ్వకపోతే ఊపిరైనా తీయదు.

ఇక్కడే ఒక కిటుకుంది. మెనూలో మార్చిన జవాబులు పని చేసే ఫోల్డర్‌లో మాత్రమే పడతాయి. వాటిని ల్యాబ్‌లో ఆ మనిషి పేరిట ఉండే అసలు ఫైల్లోకి ఎక్కించాలంటే ఇంకో కమాండ్ విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోయినా ఆరోజు కట్టిన కెర్నెల్ చక్కగానే పనిచేస్తుంది. ఎప్పుడో ఎవరో ఆ ఫోల్డర్ తుడిచెయ్యడానికి 'క్లీన్' అని కొడతారు చూడండి, ఆరోజు ఆ జవాబులన్నీ గంగలో కలుస్తాయి. కనక భర్త పైడిరాజుకి ఆ రెండో కమాండ్ ఇచ్చే అలవాటు జన్మలో లేదు. అతను కెర్నెల్ చూసుకునేవాడు, ఆమె దాన్ని కట్టే ఏర్పాట్లు చూసుకునేది. "కూరలో ఉప్పు సరిచేస్తావు, పుస్తకంలో రాయవేం?" అని పదకొండేళ్ళు ఇంట్లోనూ ఆఫీసులోనూ దెబ్బలాడింది. అతను నవ్వి, రేపు రాస్తాలే అనేవాడు. పద్నాలుగు నెలల కిందట ఆరు రోజుల డెంగీ జ్వరంతో పోయాడు. తల్లికి పెట్టె పెట్టించి అప్పటికి ఇరవై ఒక్క రోజులు.

కొత్త కెర్నెల్ ఎప్పుడు కట్టినా క్లీన్ కొట్టి మొదటినుంచి కట్టాలన్నది ల్యాబ్ రూలు. ఆ రూలు పెట్టిందీ కనకే. పొద్దున్న తన చేత్తోనే కొట్టింది.

నిద్రలో తొమ్మిది ఊపిరులు తీసి ఆగి, పదోది నిట్టూర్చడం పైడిరాజు తీరు. పెళ్ళైన కొత్తలో ఆ ఆగడానికి కనక హడలిపోయేది. తర్వాత అదే జోలపాటైంది. అతను పోయాక ఒకనాడు మధ్యాహ్నం అత్త పక్కన కూర్చుంటే, నిద్రపోతున్న వరహాలమ్మ రొమ్ము తొమ్మిది సార్లు పొంగి ఆగింది. కనక ఒళ్ళు జల్లుమంది. తల్లీకొడుకులది ఒకే రక్తం, ఒకే తీరు కాబోలనుకుంది. ఆరోజు సాయంత్రమే తన చాప అత్త మంచం పక్కకి లాక్కుంది. పెట్టెని కనిపెట్టుకుని ఉండాలి కదా అని పక్కింటివాళ్ళతో చెప్పింది. అందరూ ఇలాంటి కోడలుండాలన్నారు. చల్లకొచ్చి ముంత దాచినట్టు, తను అక్కడికి ఎందుకు చేరిందో కనక ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తిత్తి చెప్పేసింది. నిద్రలో అత్త చేత ఊపిరి తీయించేది పెట్టే, కొత్తగా కడితే అది ఆగడం లేదంటే, ఇన్నాళ్ళూ ఆపింది పాత కెర్నెలే. అది రక్తంలోది కాదు, కెర్నెల్లోది.

*

నడుస్తున్న కెర్నెల్ తన వంటపుస్తకం, అంటే తనని కట్టినప్పటి మెనూ జవాబులు, ఒక ప్రతి కడుపులో దాచుకుంటుంది. మర్నాడు భోజనాలయ్యాక, వరహాలమ్మ మంచం మీద నడుం వాల్చినప్పుడు, కనక చదివే పరికరాన్ని ఆమె మెడ కింద ఆనించింది. నెలకోసారి చేసే పనే కాబట్టి ముసలావిడ కళ్ళు తెరవకుండానే, "సల్లగున్నాదే ఇది, గుడ్డతో తుడవ్వచ్చు కదా," అని గొణిగింది.

మూడు వేల జవాబులూ లాప్‌టాప్‌లోకి దిగాయి. అసలు ఫైలుతో పోల్చి చూస్తే తేడా ఒక్కటే వరస. దాని పేరు 'పైడి టెస్ట్'. అసలు ఫైల్లో ఎన్. అత్త రొమ్ములో వై.

ఆ వరస మెనూలో ఎక్కడో నాలుగు గదుల లోపల ఉంది. ప్రతి ప్రశ్నకీ ఒక వివరణ పేజీ ఉంటుంది. అవి ఎవరూ చదవరు, కనక కూడా ఎప్పుడూ చదవలేదు. తెరిచింది. పైడిరాజు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టాడు.

"డాక్టరు గారు పెట్టిన ఊపిరి తీరుకి అమ్మ నిద్దట్లో ఉలిక్కిపడుతోంది. నా ఊపిరి రికార్డు చేసి పెట్టాను, దీనికి పడుకుంటోంది. తాత్కాలికం. పెట్టె అమ్మకి అలవాటయ్యాక తీసెయ్యాలి."

కనక ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదివిందో. పక్కనే మంచం మీద వరహాలమ్మ నిద్రలోకి కూరుకుపోయింది. తొమ్మిది తర్వాత ఆగింది. కనక కళ్ళు మూసుకుంది. అతను ఇక్కడే ఉన్నాడు. ఫొటోలో కాదు, దండెం మీద మిగిలిన చొక్కాలో కాదు. రోజూ, ఈ గదిలో, తన చెవికి రెండడుగుల దూరంలో ఊపిరి తీస్తున్నాడు. పదోది వచ్చింది, పెద్దగా. ఇంకో పది రోజుల్లో దీన్ని తనే తీసెయ్యాలా? ఎవరి కోసం?

"తీసెయ్యనోయ్," అంది పైకే. "నువ్వు రాయడం మర్చిపోయావు, నేను రాస్తున్నాను."

ఆ మర్నాడు ల్యాబ్‌లో మెనూ తెరిచి, రాసుకునే అలవాటుకి ఎన్ పెట్టింది. నాలుగు గదుల లోపలికి వెళ్ళి పైడి టెస్ట్‌కి వై పెట్టింది. ఈసారి రెండో కమాండ్ కూడా ఇచ్చి అసలు ఫైల్లోకి ఎక్కించింది. క్లీన్ కొట్టింది. నలభై నిమిషాలు స్క్రీన్ మీద అక్షరాలు పారాయి. తిత్తికి తగిలిస్తే తొమ్మిది తీసి ఆగింది. ఆ ల్యాబ్‌లో, ట్యూబులైటు కింద, పట్టపగలు ఒక రబ్బరు తిత్తి తన భర్తలాగ నిట్టూరిస్తే కనకకి భయమూ వేసింది, ప్రాణమూ లేచొచ్చింది.

ఒకరు మార్చిన జవాబుని ఇంకొకరు చదివి సంతకం పెట్టాలి. తాతారావు చదివాడు.

"ఈ పైడి టెస్ట్ ఏంటక్కా?"

"మా అత్త పెట్టెకి మాత్రమే. పాతదే, ఫైల్లో ఎక్కించడం మర్చిపోయారు."

అతను వివరణ పేజీ కూడా తెరిచాడు. తెరిచేవాడు లోకంలో ఇతనొక్కడే ఉంటాడని కనకకి తెలిసుండాల్సింది. రెండుసార్లు చదివాడు.

"తీసెయ్యాలని రాశాడు కదా అన్న."

"అలవాటయ్యాక. ఇంకా అలవాటవ్వలేదు."

తాతారావు ఆమె మొహంలోకి చూడకుండా సంతకం పెట్టాడు. పైడిరాజుని శ్మశానానికి మోసిన నలుగురిలో అతనొకడు.

*

పెట్టె తొడుక్కున్నవాళ్ళకి ఏ మార్పైనా ముందుగా చెప్పి ఒప్పించాలని డాక్టర్ ఫిలోమినా గారి పట్టు. "మీ అత్తగారే కదా అని వదిలెయ్యకు కనకా. కూర్చోబెట్టి చెప్పు," అన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. వరహాలమ్మ చేపల పులుసులో ముల్లు తీస్తూ వింది. ఒకప్పుడు ఆవిడ జనపనార మిల్లులో ఇరవయ్యారేళ్ళు నూలు తీసింది. మిల్లు చప్పుళ్ళకి సగం చెవుడొచ్చింది గానీ, కావలసిన మాట గుసగుసలాడినా వినిపిస్తుంది.

"కొయ్యాలేటి మళ్ళీ?"

"కొయ్యక్కర్లేదత్తా. పైనుంచే. పది నిమిషాల పని."

"మారిస్తే ఏటవుతాది?"

"ఏమీ అవ్వదు. ఎప్పట్లాగే ఉంటాది. నీకు తేడాయే తెలీదు."

వరహాలమ్మ చెయ్యి కంచంలో ఆగింది. "అలాగే ఉంటాదా?"

"అచ్చం అలాగే."

"సరేలే," అంది ముసలావిడ. ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. "ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సెప్పు." ఆ తర్వాత ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. భయపడుతోంది కాబోలని కనక అనుకుంది.

*

పాత రాతని మాన్పించే ముందు, అంతవరకు రాసింది దించి దాచడం ల్యాబ్ ఆనవాయితీ. వరహాలమ్మ పదిహేను నెలల ఊపిరులు, ఇరవై లక్షల పైచిలుకు వరసలు, తాతారావు దగ్గరికి వెళ్ళాయి. అతను గీతలు గీసి చూసి, మధ్యాహ్నం టీ కూడా తాగకుండా కనకని పిలిచాడు.

"అక్కా, నేను తప్పు గీశానేమో ఒకసారి చూడు."

పైన నీలం గీత ఊపిరి. కింద ఎర్ర గీత నాడి. డాక్టరు గారి తీరులో నడిచిన మొదటి రెండు రాత్రులూ వదిలేస్తే, ఇరవై ఒకటో రోజు దాకా నీలం గీత తొమ్మిది కొండలెక్కి ఆగేది, ఎర్ర గీత చెరువు నీళ్ళలాగ కదలకుండా ఉండేది. డెబ్బై, డెబ్బై ఒకటి. ఇరవై రెండో రోజు నుంచి మాత్రం నీలం గీత ఆగిన ప్రతిచోటా ఎర్ర గీత నిటారుగా లేచింది. నూటపది. నూటపదిహేను. పదో ఊపిరి రాగానే మళ్ళీ మెల్లగా దిగి, డెబ్బైకి చేరకముందే తొమ్మిదో ఊపిరి వచ్చేసేది. రాత్రికి ఐదొందల సార్లు. ఒక్క రాత్రి కూడా వదల్లేదు. నిన్న రాత్రి కూడా.

"ఇరవై రెండో రోజు నుంచి పెట్టెలో ఏమైనా మార్చారా?" అన్నాడు తాతారావు. అడుగుతూనే ఆ రోజు ఏమిటో అతనికి గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నాడు.

కనక ఆ ఎర్ర గీతని వేలితో తాకింది. పద్నాలుగు నెలలుగా తను చాప మీద పడుకుని హాయిగా వింటున్న ఆ ఆగడంలో, రెండడుగుల ఎత్తున ఇంకో మనిషి గుండె కొండెక్కి దూకుతోంది. తను ఒక్కసారైనా లేచి ఆ మొహం చూసిందా? వినడమే చూసుకుంది.

హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని ఆటో ఎక్కింది.

వరహాలమ్మ నేల మీద కాళ్ళు బారజాపుకుని చింతపండు గింజలు తీస్తోంది. వేళకాని వేళ కోడలు గుమ్మంలో కనిపిస్తే, "ఏటే, ఉజ్జోగం ఊడిందేటి?" అంది.

కనక చెప్పులతోనే లోపలికొచ్చి ఎదురుగా కూలబడింది. "అత్తా, నిజం చెప్పు. నీకు నిద్దర పడుతోందా?"

"పడకేటి. ముసిలోళ్ళ నిద్దర ముసిలోళ్ళ నిద్దరే."

"తొమ్మిది తర్వాత ఆగినప్పుడు ఏటవుతాది నీకు?"

గింజ తీస్తున్న వేళ్ళు ఆగాయి. వీధిలో ఉప్పు బండి వాడు అరుచుకుంటూ పోయాడు.

"అది నా ఊపిరి కాదని నాకు తెల్దనుకున్నావా?" అంది చివరికి. "ఆడికి పాల ఉబ్బసమే కనకా. నా సీర నిండా మిల్లు దుమ్మే కదా, దాంతోనే ఎత్తుకునీదాన్ని, దాంతోనే పాలిచ్చీదాన్ని. మూడేళ్ళొచ్చీవరకూ ఆడి రొమ్ము మీద సెయ్యేసుకునే కూకున్నాను. తొమ్మిది తీసీవోడు, ఆగిపోయీవోడు. మళ్ళీ వస్తాదో రాదో అని నాను ఊపిరి బిగబట్టీసీదాన్ని. వచ్చీది. పెద్దయ్యాక జబ్బు పోయింది గానీ, ఆ ఆగీ అలవాటు ఆడికి పోనేదు."

"ఆపరేషనయ్యాక అది నీలో వినిపిస్తే..."

"మొదట్లో బాగుండీది. ఆడు అవతల గదిలో ఉన్నాడు, ఆడి ఊపిరి నా దగ్గరున్నాది. దొంగ గుంటడు, నాకు సెప్పకుండా పెట్టీసినాడని నవ్వుకునీదాన్ని." వరహాలమ్మ గొంతు సన్నబడింది. "ఆడు పోయేక అది ఆగితే ఎలాగుంటాదో నీకెలా సెప్పాల. నిద్దట్లో నాకు తెల్దు కదా ఆడు పోయేడని. మళ్ళీ సంటోడైపోతాడు. తొమ్మిది తీస్తాడు, ఆగుతాడు. ఆడిప్పుడు తియ్యడు, ఇంక తియ్యడు అనుకుంటాను. అంతలో పదోది వస్తాది. అమ్మయ్య అనుకుంటాను. మళ్ళీ తొమ్మిదవుతాయి. ప్రతి రాత్రీ ఆడు సస్తున్నాడే అమ్మా. ఎన్నిసార్లని సూడ్డం?"

కనక ఒక చింతగింజ తీసి గుప్పిట్లో బిగించింది.

"మరి నాకెందుకు చెప్పలేదత్తా?"

వరహాలమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇంత చదువుకున్నదానివి ఆమాత్రం తెలీదా అన్నట్టు.

"నువ్వు సాప నా మంచం కాడికి లాక్కున్నావు కదా."

గింజలూ తొక్కలూ ఉన్న చేట ఇద్దరి మధ్యా ఉంది. కనక దాన్ని పక్కకి నెట్టి అత్త ఒళ్ళో తల పెట్టింది. పద్నాలుగు నెలల్లో మొదటిసారి బావురుమంది. ముసలావిడ చింతపండు చేతులు తనకి అంటకుండా ఎత్తిపట్టుకుని, మోచేత్తోనే ఆమె వీపు నిమిరింది.

"మొగుడు పోయినదానికి ఏటి మిగిలిందని అడిగి తీయించీసుకోను? నీకు అది కావాలి. నానేటి, ముసిలిదాన్ని, ఎన్నాళ్ళుంటాను. అలాగే ఉంటాదని నిన్న నువ్వంటే... మరింక నానేటీ అన్నేదు."

"ఆయనే రాసి పెట్టాడత్తా," అంది కనక ఒళ్ళోంచే. "అమ్మకి అలవాటయ్యాక తీసెయ్యాలని. నేను చదివి కూడా..."

"అలాగ రాసేడా?" వరహాలమ్మ మళ్ళీ మోచేత్తో కోడలి వీపు నిమిరింది. "రాస్తాడు. నా కష్టం ఆడికి తెలుసు." చీర కొంగుతో మొహం తుడుచుకోబోయి, చింతపండు గుర్తొచ్చి మానేసింది. "నాకు అలవాటవ్వనేదని సెప్పీ కనకా. తల్లికి అదెక్కడ అలవాటవుతాది. తీసీ."

*

తీసీమన్నంత సులువుగా చెయ్యి కదల్లేదు. పొద్దున్న మెనూ తెరిచి, నాలుగు గదుల లోపలికి వెళ్ళి, ఆ వరస మీద నిలబడి కనక కాఫీ చల్లారిపోయేదాకా కూర్చుంది. ఒక్క అక్షరం. దాన్ని కొడితే, ఆ మనిషి ఊపిరి ఈ భూమ్మీద ఇంకెక్కడా ఆడదు. డాక్టర్లు చెప్పినప్పుడు పోయాడు, కాల్చినప్పుడు పోయాడు, పదకొండో రోజున పోయాడు. అప్పుడంతా ఎవరో చేశారు. ఇది తను చెయ్యాలి.

కొట్టింది. వై పోయి ఎన్ వచ్చింది. అసలు ఫైల్లోకి ఎక్కించింది. క్లీన్ కొట్టి, మళ్ళీ మొదటినుంచి కట్టడం మొదలుపెట్టింది.

తాతారావు సంతకం పెట్టబోతూ, "వరసనే పూర్తిగా తీసెయ్యమంటావా అక్కా? వాడని వరస ఉంచకూడదు కదా," అన్నాడు. రూలు అతనిది కాదు, కనకదే.

"ఉండనీ," అంది కనక. "ఎన్ అనే ఉంటుంది. ఎవరికీ అడ్డం రాదు."

తాతారావు తన జన్మలో రెండోసారి ఒక తప్పు చూసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం వరహాలమ్మని తీసుకొచ్చారు. డాక్టర్ ఫిలోమినా గారు దగ్గరుండి కొత్త కెర్నెల్ ఎక్కించారు. ఎక్కుతున్నంతసేపూ ముసలావిడ మెలకువగానే ఉండి, ల్యాబ్ గోడలకి వెల్ల వేయించి ఎన్నాళ్ళయిందని ఆరా తీసింది. మొదట్లో డాక్టరు గారి తీరుకే ఆవిడ ఉలిక్కిపడేదని పైడిరాజు రాశాడు కనుక, నిద్రపోయాక ఒక గంట చూడాలి. పరదాలు దించారు. మంచం పక్కన కనక, మానిటర్ దగ్గర తాతారావు.

"నువ్విక్కడే కూకో," అంది వరహాలమ్మ కోడలితో. కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "కనకా, నీకు కష్టంగుంటే ఇప్పుడే సెప్పీ."

"పడుకో అత్తా."

కాసేపటికి పెట్టె మేలుకుంది. వరహాలమ్మ రొమ్ము పొంగింది, తగ్గింది. ఆవిడ చెయ్యి కనక చేతిలో బిగుసుకునే ఉంది, దేనికో సిద్ధపడ్డట్టు.

ఏడు. ఎనిమిది. తొమ్మిది.

రొమ్ము ఆగలేదు. పదోది వచ్చింది, సాదాగా. పదకొండోది వచ్చింది. పన్నెండు. ఒక్కొక్క ఊపిరికీ వరహాలమ్మ వేళ్ళు సడలుతూ వచ్చాయి. ముప్పై దాటేసరికి చెయ్యి మొత్తం జారి దుప్పటి మీద పడింది. నోరు కొంచెం తెరుచుకుంది. బిడ్డ జబ్బు తగ్గాక నిద్రపోయే తల్లి మొహం ఎలా ఉంటుందో కనక ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూసింది.

"నాడి డెబ్బై అక్కా," అన్నాడు తాతారావు నెమ్మదిగా. "కదల్లేదు."

కనక తలాడించబోయింది. అప్పుడు తెలిసింది, తను ఊపిరి తీసుకోవడం లేదని. ఎప్పుడు బిగబట్టిందో తెలీదు. పదకొండేళ్ళూ, ఆపైన పద్నాలుగు నెలలూ పక్కన పడుకుని నేర్చుకున్న ఒళ్ళు, ఇంకో తొమ్మిది కాగానే తనంతట తనే ఆగి, అవతలి మనిషి మొదలుపెడతాడేమో అని ఎదురుచూస్తోంది. ఎంతసేపు చూసినా గదిలో ఒక్క వరహాలమ్మ ఊపిరే వినిపించింది. అది ఎవరికోసమూ ఆగకుండా పోతోంది.

రొమ్ము మండింది. కళ్ళముందు మసక కమ్మింది. ఇంక రాడు అనుకుంది కనక, ఆ మాట తనలో తనకి మొదటిసారిగా చెప్పుకుంటూ.

పదో ఊపిరి తనే తీసుకుంది.